లక్ష్మణమ్మ గేరు

గజపతినగరంలో రాయగడ రోడ్డు పక్కన బెన్హర్ షెడ్డు ఉంది. ఆ షెడ్డులో జ్ఞానానందం నీలం కాంటెస్సా కారు వెనక భాగం రెండు చెక్కమొద్దుల మీద కూర్చుని ఉంది. చక్రాలు విప్పేశారు. ఇరుసు నడుమ ఉండే గుండ్రటి డబ్బా నోరు తెరుచుకుని ఉంది. అందులోంచి నల్లటి నూనె బొట్టు బొట్టుగా కింది రేకు తట్టలోకి దిగుతోంది. జ్ఞానానందం స్టూలు మీద కూర్చుని, ఎడమ మోకాలు రాసుకుంటూ ఆ బొట్లనే చూస్తున్నాడు.

బెన్హర్ అతని బావమరిది. భార్య వెంకటలక్ష్మికి తమ్ముడు. కారు కిందినుంచి పాక్కుంటూ బయటికొచ్చి, అరిగిపోయిన పళ్ళచక్రాన్ని గోనె మీద పెట్టాడు.

"సూడు బావా. పళ్ళు కావివి, ముసలాడి సిగుళ్ళు. ఇంక పనికిరావు. కొత్తది ఎయ్యాల్సిందే."

గోనె మీద ఇంకో రెండు జతలు ఉన్నాయి. ఒక్కో జతలో ఒక చిన్న చక్రం, ఒక పెద్ద చక్రం. ఇంజను చిన్నదాన్ని తిప్పుతుంది. చిన్నది పెద్దదాన్ని తిప్పుతుంది. పెద్దది బండి చక్రాల్ని తిప్పుతుంది. మొదటి జతలో చిన్నది నాలుగున్నర చుట్లు తిరిగితే గాని పెద్దది ఒక చుట్టు తిరగదు. బండికి బలం ఎక్కువ, పరుగు తక్కువ. రెండో జతలో మూడు చుట్లు దాటగానే పెద్దది ఒక చుట్టు పూర్తి చేస్తుంది. పరుగు ఎక్కువ. కానీ మెల్లగా పోవడమంటే దానికి ఒళ్ళుమంట.

"ఇది లక్ష్మణమ్మ గేరు," అన్నాడు బెన్హర్ మొదటిది చూపించి. "అది రోడ్డు గేరు. లక్ష్మణమ్మదే ఎయ్యనా?"

జ్ఞానానందం రెండో జత వైపు చూశాడు.

లక్ష్మణమ్మ గేరు అనే పేరు ఏ కంపెనీ పెట్టింది కాదు. జ్ఞానానందం ఉండే గరివిడి మిషను వీధిలో వాళ్ళ చర్చి సంఘానికి ఒక పద్ధతి ఉంది. గుడిలో పెళ్ళయ్యాక జంటను కారెక్కించి వీధి పొడుగునా ఊరేగిస్తారు. ముందు బ్యాండు, దాని వెనక సంఘంలో అందరికన్నా పెద్దావిడ, ఆవిడ వెనక కారు. కారు ఆవిడను దాటకూడదు. హారను మోగకూడదు. ఆవిడ ఎవరి గుమ్మం ముందు ఆగితే అక్కడ ఆగాలి. చాలా కాలంగా ఆ పెద్దావిడ లక్ష్మణమ్మే. ఆమె నడుస్తుంటే నడుస్తోందో నిలబడిందో తెలియదు. దారిలో ఒకరి కోడలిని నెలలెన్ని నిండాయని అడుగుతుంది. ఇంకొకరి మేకపిల్లను తడుముతుంది. మళ్ళీ అడుగు వేస్తుంది.

తను పనిచేసే ఫ్యాక్టరీలో పెద్ద ఇంజనీరు బదిలీ మీద పోతూ అమ్మితే జ్ఞానానందం ఈ కారు కొన్నాడు. మొదటి పెళ్ళి ఊరేగింపులోనే గుడి ముందు క్లచ్చు మాడిపోయింది. అప్పుడు బెన్హరే ఏదో పాత వ్యాను గేరు తెచ్చి ఇందులో పెట్టాడు. ఆనాటి నుంచీ ఆ వీధి ఆడపిల్లలంతా ఈ కారులోనే, లక్ష్మణమ్మ నడకలోనే అత్తారింటికి వెళ్ళారు. ఆ పెళ్ళిళ్ళన్నింటిలోనూ జ్ఞానానందం ఎడమకాలు క్లచ్చును సగం తొక్కి పట్టుకునే ఉంది. మోకాలి చిప్ప అక్కడే అరిగిపోయింది.

విజయనగరం డాక్టరు వానలు పడ్డాక ఆపరేషన్ చెయ్యాలన్నాడు. ఆ తర్వాత క్లచ్చు తొక్కే పని మరిచిపొమ్మన్నాడు. అంటే ఈ వేసవి ఒక్కటే మిగిలింది. ఇప్పుడు ఆ డబ్బాలో ఏది పడితే, అతని చేతిలో ఈ కారుకు అదే చివరి గేరు.

ఇంత పెద్ద కారు, ఇంత పొడుగు ముక్కు, లోపల అంత పెద్ద ఇంజను. మీటరు ముల్లు అరవై దాటితే చాలు, వెనకనుంచి గేరు ఏడుపు మొదలయ్యేది. ఈ కారు అసలు ఎలా పోవాలని పుట్టిందో జ్ఞానానందం ఒక్కసారి కూడా చూడలేదు.

అతను వంగి రెండు జతల్నీ చేత్తో తిప్పి చూశాడు. మొదటిది పిండి విసురుతున్నట్టు తిరిగింది. రెండోది నీళ్ళలో జారే రాయిలాగా తిరిగి, చెయ్యి తీశాక కూడా కాసేపు తిరుగుతూనే ఉంది.

"ఇది," అన్నాడు.

"శనివారం ఎలీషా కూతురు పెళ్ళి బావా! రూబీ పెళ్ళి. లక్ష్మణమ్మ ఎనకాల ఈ గేరేసుకుని ఎలాగెల్తావు?"

"ఇదే ఎయ్యి."

"మా అక్క నిన్నెలా భరిస్తందో గాని," అని గొణుక్కుంటూ బెన్హర్ మళ్ళీ కారు కిందికి దూరాడు.

మంగళవారం తెల్లారుతుండగా జ్ఞానానందం వెంకటలక్ష్మిని కారెక్కించుకున్నాడు. ఎక్కడికని ఆమె అడిగితే, "కూకో" అన్నాడు. విజయనగరం దాటి, నాతవలస దగ్గర హైవే ఎక్కి, శ్రీకాకుళం వైపు తిప్పాడు. రోడ్డు మీద పెద్దగా బండ్లు లేవు. కుడిపక్క సరుగుడు తోపులు, వాటి వెనక ఎక్కడో సముద్రం. అది కనబడటం లేదు గాని గాలిలో ఉంది.

నాలుగో గేరు పడింది. ముల్లు అరవై మీదికి వచ్చింది. అతని వీపు అలవాటు కొద్దీ ఆ ఏడుపు కోసం బిగుసుకుంది. ఏడుపు రాలేదు. ముల్లు డెబ్బై దాటింది, ఎనభై దాటింది. ఇంజను గొంతు పెంచకపోగా, కడుపు నిండిన గేదెలాగా లోపల్లోపలే ఊపిరి తీసుకుంటోంది. స్టీరింగు చేతిలో తేలికైపోయింది. రోడ్డు కారు కిందికి రావడం మానేసి, తనే కారును ఎత్తుకుని పోతున్నట్టుంది. జీడిమామిడి తోటలు పొగమంచులోంచి వచ్చి, ఒకసారి పచ్చగా మెరిసి, మళ్ళీ పొగమంచులోకి పోతున్నాయి. ఊళ్ళ పేర్లు రాసిన పలకలు వస్తున్నాయి. వాటిని చదవాలనిపించలేదు. పేర్లు లేని చోటే బాగుంది.

"ఓలమ్మ," అంది వెంకటలక్ష్మి. "మనం ఆగిపోయినట్టున్నాది. సెట్లే ఎల్పోతన్నాయి."

జ్ఞానానందం నవ్వాడు. ఫ్యాక్టరీలో అతను క్రేను నడిపేవాడు. కింద కొలిమి ఎర్రగా ఉడుకుతుంటే, పైన అద్దాల గదిలో కూర్చుని, కరిగిన లోహం తొట్టెను అంగుళం అంగుళం జరిపేవాడు. తొణికితే మనుషులు పోతారు. ఉద్యోగమంతా అలా తొణక్కుండా జరపడంతోనే గడిచింది. ఇంటికొచ్చి కారెక్కితే ముందు లక్ష్మణమ్మ. ఇప్పుడు ముందు ఎవరూ లేరు. ఎడమకాలు క్లచ్చు మీద లేదు. పక్కకు తీసి ఉత్తినే పెట్టుకున్నాడు. ఆ కాలు తనదేనా అని కిందికి చూసుకోబోయి, మళ్ళీ రోడ్డు వైపు చూశాడు.

చిలకపాలెం దగ్గర ఆగి టీ తాగారు. "ఇంకా ఎల్దామేటి?" అంది వెంకటలక్ష్మి. ఆమె అంతకు ముందెప్పుడూ ఆ మాట అనలేదు. దాటొచ్చిన రణస్థలంలో తమ్ముడి కొడుకు ఇల్లుందని కూడా గుర్తు చెయ్యలేదు.

ఇంటికొచ్చేసరికి ఎలీషా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఫ్యాక్టరీలో జ్ఞానానందం కింద పనిచేసినవాడు, ఇప్పుడు సంఘపెద్ద.

"అన్నా, కారు బాగు సేయించీసావంట కదా. దేవుడు సల్లగా సూడాల నిన్ను. శనివారం పూలదండ నానే కట్టిస్తాను. నువ్వు కడిగి ఉంచు, సాలు."

"ఊఁ," అన్నాడు జ్ఞానానందం. సంగతి చెప్పలేదు. చెప్పాలంటే చాలా మాటలు కావాలి.

శుక్రవారం పొద్దున్నే గజపతినగరం వెళ్ళాడు. బెన్హర్ అతన్ని చూడగానే జాకీ, మొద్దులు సిద్ధం చేశాడు. లక్ష్మణమ్మ గేరు తుడిచి గోనె మీద పెట్టాడు.

"సాయంత్రానికి ఇచ్చీస్తాను. తాళం ఇలాగియ్యి."

జ్ఞానానందం తాళం జేబులోంచి తీశాడు. అరచేతిలో పెట్టుకుని చూశాడు. స్టూలు మీద కూర్చున్నాడు. టీ తెప్పిస్తే తాగాడు. గ్లాసు పక్కన పెట్టి, లేచి, కారెక్కి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

"టీ కోసం ఇంత దూరమొచ్చావేటి బావా!" అని బెన్హర్ వెనకనుంచి అరిచాడు.

శనివారం ఎండ చల్లబడ్డాక ఊరేగింపు బయలుదేరింది. వెనక సీట్లో రూబీ, పెళ్ళికొడుకు. అతనిది రాజాం. ముందు లక్ష్మణమ్మ తెల్లచీర కట్టుకుని, కర్ర కూడా లేకుండా, అడుగులో అడుగేసుకుంటూ నడుస్తోంది.

రెండిళ్ళు గడిచేసరికే జ్ఞానానందం మోకాలు వణకడం మొదలుపెట్టింది. క్లచ్చు కొంచెం వదిలితే కారు దూకబోతోంది. తొక్కితే ఆగిపోతోంది. మూడో ఇంటి దగ్గర మాడిన వాసన వచ్చింది. నాలుగో ఇంటి దగ్గర లక్ష్మణమ్మ ఎవరి బిడ్డనో పలకరించడానికి ఆగింది. అతని కాలు నిలవలేదు. కారు ఒక్క కుదుపు కుదిపి, బంపరు వెళ్ళి ఆమె చీర అంచును తాకింది.

బ్యాండు ఆగిపోయింది. లక్ష్మణమ్మ వెనక్కి తిరిగి బానెట్టు మీద చరిచింది.

"ఒరే గ్యానానందం! పెళ్ళి సేసుకున్నోళ్ళకే తొందర నేదు, నీకేట్రా తొందర? నన్ను తొక్కీసి ఎక్కడికెల్తావు?"

నలుగురూ నవ్వారు. ఎలీషా మాత్రం నవ్వలేదు. "ఏటన్నా ఇది? ఈ కంపేటి? నా కూతురి పెళ్ళికే రావాలేటి ఈ రోగం?"

జ్ఞానానందం స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. బెన్హర్ గుంపులోంచి తోసుకొచ్చాడు. "రోగం కాదు మావా. పరిగెత్తే గేరు ఏయించుకున్నాడు. ఆపరేసనయ్యే లోపల ఒక్కసారి తోలుకోవాలని. నాను వద్దన్నాను."

వీధి అంతా జ్ఞానానందం వైపు తిరిగింది. తన గురించి ఇంతమంది ఒకేసారి ఆలోచించడం అతనికి కొత్త.

వెనకసీట్లోంచి రూబీ ముందుకు వంగింది.

"పెదనాన్నా, ఎలాగెల్తాది?"

"ఏటి?"

"ఆ గేరుతో. ఎలాగెల్తాది?"

అతను అద్దంలో ఆమెను చూశాడు. "సెట్లు ఎల్తాయి," అన్నాడు. "మనం కూకునుంటాం."

రూబీ పక్కనున్న పెళ్ళికొడుకు మోచేతిని పొడిచింది. "అయితే మీరు దిగండి."

"నేనా?"

"మరి నానా? ఇంజను ఆపీయండి పెదనాన్నా. ఈ ఈది సివరిదాకా తోస్తారు. రాజాం మాత్రం మీరే తీసుకెల్లాల."

పెళ్ళికొడుకు కోటు విప్పి ఆమె ఒళ్ళో పడేసి దిగాడు. అది చూసి వీధిలో కేరింతలు పుట్టాయి. అతని స్నేహితులు, బెన్హర్, చివరికి చొక్కా చేతులు మడుచుకుని ఎలీషా కూడా కారు వెనక చేరారు. బ్యాండు మళ్ళీ అందుకుంది. జ్ఞానానందం గేరు న్యూట్రల్లో పెట్టి, రెండు పాదాలూ నేలమీద పరుచుకున్నాడు. కారు కదిలింది. గుమ్మాలు, గుమ్మాల్లో పిల్లలు, ఆరేసిన చీరలు, మేకపిల్లలు ఒక్కొక్కటీ పక్కనుంచి మెల్లగా తేలిపోతున్నాయి. మనిషి చెయ్యి పడ్డ కారు నీళ్ళలో పడవలాగుంది. రూబీ ఒక్కతే రాణిలాగ కూర్చుని, ఒళ్ళో కోటు నిమురుతూ, అందరికీ చెయ్యూపుతోంది.

"మెల్లగ్గా తొయ్యండ్రా, ఎదవల్లారా!" అని ముందునుంచి లక్ష్మణమ్మ కేకలేసింది. జ్ఞానానందం కుడికాలితో బ్రేకు అలా తాకించాడు.

వీధి చివర రోడ్డు వచ్చింది. పెళ్ళికొడుకు రొప్పుతూ, నవ్వుతూ ఎక్కి కూర్చున్నాడు. బెన్హర్ కిటికీ దగ్గరికొచ్చి నుదురు తుడుచుకున్నాడు.

"సోమవారం తే బావా. మార్చీస్తాను."

"తేను," అన్నాడు జ్ఞానానందం.

ఇంజను అందుకుంది. లక్ష్మణమ్మ ఇంకా రోడ్డు మధ్యలోనే ఉంది. ఆమె కారు పొడుగు ముక్కును ఒకసారి పైనుంచి కిందికి చూసి, పైట సర్దుకుని, తన నడకలోనే పక్కకు జరిగింది. ఆమె జరగడం పూర్తయ్యేదాకా అతను క్లచ్చు వదల్లేదు.

"ఇంకెల్రా," అంది లక్ష్మణమ్మ. "సూద్దాం."