తలకిందుల గడియారం

నేను ఒక గడియారాన్ని. తలకిందుల గడియారాన్నట! మూడు తరాలుగా ఈ మాట పడుతున్నాను. నా కొక్కెం పట్టుకుని వేలాడదీస్తే ఆరు అంకె పైకి, పన్నెండు కిందికి వస్తాయి. అది చూసి కాకినాడలో ఈ ఇంటికొచ్చిన ప్రతివాడూ ఒక తీర్పు చెప్పేవాడే. బాగుచేసినవాడు తిరగేసి బిగించాడని ఒకరు, దొర పనికిరాని సరుకు అంటగట్టాడని ఇంకొకరు. నోరుంటే అప్పుడే కడిగేసేదాన్ని. నా తల ఎప్పుడూ సరిగ్గానే ఉంది.

గోడ మీద పటంలో తలపాగాతో ఉన్నది భావనారాయణ గారు. ఆయన పనితనానికి మెచ్చి కలెక్టరు దొర తన జేబులోంచి తీసి నన్ను ఇచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. నేను మాత్రం ఆయన్ని పటంలో తప్ప ఎన్నడూ చూడలేదు.

ఈమధ్య ఆయన మనవడు నరసింహమూర్తి గారు, డెబ్బై దాటిన పెద్దమనిషి, తాతగారి పేర ఒక సభా భవనం కట్టించారు. అందులో నాకొక అద్దాల పెట్టె, దాని కింద ఇత్తడి పలక. దొర నన్నిచ్చిన సంవత్సరం కూడా పలక మీద ఉంటే దర్జాగా ఉంటుందని ఆయనకు తోచింది. కూతురు భార్గవి చేతికి నన్నిచ్చి, ఎప్పటిదో కనుక్కు రమ్మన్నారు. ఊరుకున్నా బాగుండేది.

గడియారాల కొట్టాయన నా వెనక మూత తీసి, లోపల కొట్టిన నంబరు చూసి, ఫోనులో వెతికాడు. “ముప్ఫై నాలుగులో తయారైందండీ ఇది,” అన్నాడు. నాలుగు చుక్కల నూనె వేసి నన్ను మళ్లీ నడిపించాడు కూడా, మహానుభావుడు.

భార్గవి ఇంటికొచ్చి పటం కింది అక్షరాలు చదివింది. భావనారాయణ గారు స్వర్గస్థులైంది 1929లో.

“పోయిన ఐదేళ్లకి ఇచ్చేడా నాన్నా, దొర?”

నరసింహమూర్తి గారు పేపరు మడిచారు. “ఆ కొట్టువాడికేం తెల్సే? అయినా సంవత్సరం లేకుండా చెక్కించేస్తే పోలా!”

చూశారా పెద్దరికం! నిజం అడ్డొస్తే సంవత్సరాన్నే తీసి పారేస్తారు. నాకు ఒళ్లు మండిపోయింది.

వినండి, నేను మాణిక్యాంబ గడియారాన్ని. భావనారాయణ గారి భార్య ఆవిడ. చిన్నవయసులో భర్త పోతే, మూల కూర్చోమన్న బంధువులందర్నీ కాదని ఆడవాళ్ల ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంది. పరీక్ష గట్టెక్కిన రోజున పెద్ద డాక్టరమ్మ నన్ను ఆవిడ పైట మీద గుచ్చింది. నన్ను చేసిందే నర్సుల కోసం. గుండె మీద వేలాడుతుంటే, తల వంచి చూసే ఆవిడకి నా పన్నెండు పైనే కనిపిస్తుంది. ఎన్ని మణికట్లు పట్టుకుని నా సెకన్ల ముల్లుతో నాడి చూసిందో! ఆ జీతంతోనే కొడుకు ప్లీడరయ్యాడు. పేరొచ్చాక తల్లి చేసిన పని చెప్పుకోడానికి సిగ్గుపడ్డాడు. విధవరాలు గడప దాటి అన్ని కులాలవాళ్లకీ పురుళ్లు పోసిందంటే పరువేం కావాలి? ఆవిడ పోగానే నా పిన్ను విరిచేసి, జేబు గొలుసు తగిలించి, తండ్రి పటం కింద పెట్టాడు. కలెక్టరు దొర కథ పుట్టింది ఆ రోజే.

భార్గవి నన్ను చేతిలో తిప్పుతుంటే, విరిగిన పిన్ను మొన వేలికి గుచ్చుకుంది. జేబు గడియారానికి పిన్నెందుకని గొలుసు తీసేసింది. పిన్నీసుతో నన్ను తన చున్నీకి తగిలించుకుని, తల వంచి చూసింది. పన్నెండు పైన కనబడేసరికి, ఇది నర్సులు పెట్టుకునే గడియారమని తట్టినట్టుంది. వెళ్లి తండ్రి మణికట్టు పట్టుకుని, నన్నే చూస్తూ నిలబడింది.

ఆయన చెయ్యి లాక్కోలేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే పక్కన కూర్చుని నాడి చూసిన మనిషి గుర్తొచ్చింది కాబోలు, కళ్లు తడిశాయి.

“మామ్మ ఇలాగే తల వంచేదే, ఆసుపత్రికి వెళ్లే ముందు,” అన్నారు. “ఇప్పుడు నలుగుర్లో ఏమని చెప్పనే?” అన్నారు.

“ఉన్నదే చెప్పండి. పలక మీద తాతమ్మ పేరుంటేనే ఇది పెట్టెలోకొస్తుంది. లేదంటే నా దగ్గరే ఉంటుంది.”

ఆయన మడిచిన పేపరు మళ్లీ విప్పారు.

ప్రారంభం రోజున తెర తీస్తే పెట్టె ఖాళీ. కింద పలక కూడా లేదు, మేకుల గుర్తులే ఉన్నాయి. బంధువులు గుసగుసలాడారు. నరసింహమూర్తి గారు మైకు పట్టుకున్నారు.

“గడియారం మా తాతగారిది కాదండీ, మా మామ్మది. నర్సు పని చేసి మమ్మల్ని ఇంతవాళ్లని చేసింది. ఆవిడ పేరుతో కొత్త పలక చెక్కిస్తున్నాం.”

ముందు వరసలోని బాబాయి ఒకాయన భార్గవి గుండె మీదున్న నన్ను చూసి ముఖం చిట్లించాడు.

“అదేంటమ్మా, తలకిందులుగా పెట్టేసుకున్నావ్?”

భార్గవి తల వంచి టైము చూసుకుంది. “లేదు బాబాయ్, నాకు సరిగ్గానే కనబడతంది.”