విశ్రాంతి సమయంలో చేసిన పనులు

“ఎలాగూ లేస్తావుగా” అన్న మాట మా ఇంట్లో ఎవరు మొదలుపెట్టారో గుర్తు లేదు. పొద్దున ఆరింటి విమానం ఉన్న రోజు నేను మూడున్నరకే లేవాలి. ఆ సంగతి తెలిసిన దగ్గర నుంచి నా లేవడం మీద ఇంటిల్లిపాదికీ హక్కు వచ్చేసింది. ఎలాగూ లేస్తావుగా, ఆ బట్టలు కాస్త మెషిన్‌లో వేసి వెళ్ళు అంటారు మా ఆయన. ఎలాగూ లేస్తావుగా అమ్మాయ్, నా మాత్రలు డబ్బాలో సర్ది పెట్టు అంటారు అత్తగారు. పన్నెండేళ్ళ మా అమ్మాయి కూడా పెద్దవాళ్ళను చూసి నేర్చుకుంది. ఎలాగూ లేస్తావుగా అమ్మా, నా నోట్‌బుక్కులకు అట్టలు వేసిపెట్టవా అంటుంది. మూడున్నరకు లేచే మనిషి మూడింటికి లేస్తే ఏం పోయింది? రెండున్నరకు లేస్తే మాత్రం ఏం కొంప మునిగింది? అలా జరుగుతూ జరుగుతూ నా తెల్లవారుజాము వెనక్కి పోయి అర్ధరాత్రిలో కలిసిపోయింది.

నేను విమానం నడుపుతాను. డెబ్భై మంది పట్టే చిన్న విమానం. చిన్న చిన్న ఊళ్ళ మధ్య గంట, గంటంపావు ప్రయాణాలు, రోజుకు నాలుగుసార్లు ఎగరడం, నాలుగుసార్లు దిగడం. పదకొండేళ్ళుగా నాది కుడివైపు సీటు, అంటే కో-పైలట్‌ని. ఎడమవైపు సీటు కెప్టెన్‌ది. అది నాకు రెండుసార్లు ఇస్తామన్నారు. రెండుసార్లూ “ప్రస్తుతం సమ్మతం కాదు” అని రాసిచ్చాను. మొదటిసారి అమ్మాయి మరీ పసిది. రెండోసారి అత్తగారికి మోకాలి ఆపరేషన్. కో-పైలట్లలో నేను అందరికంటే సీనియర్‌ని కాబట్టి సాయంత్రానికి ఇల్లు చేరే డ్యూటీలు ఏరుకోగలను. కెప్టెన్ అయితే కెప్టెన్ల జాబితాలో అట్టడుగున పడతాను. కొత్త కెప్టెనంటే కొత్త కోడలే, అందరూ తినగా మిగిలిందే దక్కుతుంది. ఎవరికీ అక్కర్లేని ఆదివారాలు, ఎప్పుడు పిలిస్తే అప్పుడు పరుగెత్తాల్సిన స్టాండ్‌బైలు. ఇది విన్నాక మా ఆయన నవ్వి, “ఇంటికి నువ్వే కెప్టెన్‌వి కదోయ్, ఇంకా అక్కడ కూడా ఎందుకు?” అన్నారు. ఆ జోకు ఆయనకు ఎంత నచ్చిందంటే, చుట్టాలు వచ్చినప్పుడల్లా వాళ్ళ ముందు కూడా వేస్తారు. చేతిలో కాఫీ ట్రేతో నేనూ నవ్వుతాను. నవ్వకపోతే పొగరంటారు.

ఈ ఏడాది పెద్ద కంపెనీ ఒకటి వచ్చి ఒక్క నెలలో మా కెప్టెన్లను ఐదుగురిని ఎగరేసుకుపోయింది. మిగిలినవాళ్ళం ఒకరి డ్యూటీ ఇంకొకరం లాక్కుని చేస్తున్నాం. నాకు మూడో ఉత్తరం వచ్చింది. శుక్రవారంలోగా జవాబివ్వాలి. మా ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే, “మళ్ళీ పంపారా? పాత లెటరే ఉందిగా, తేదీ మార్చి ఇచ్చెయ్” అన్నారు. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, నేను నిజంగానే పాత లెటర్ తెరిచి, తేదీ మార్చి, ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకున్నాను.

బుధవారం నా పక్కన కూర్చున్నది బుల్లి కెప్టెన్. అందరం అలాగే పిలుస్తాం. నాకంటే ఆరేళ్ళు వెనక చేరాడు. అడ్డగాలి వీచేటప్పుడు ఈ రన్‌వే మీద ఎలా దిగాలో అతనికి చూపించింది నేనే. ఇప్పుడు అతను ఎడమవైపు, నేను కుడివైపు. ఆ రోజు ఒక ఊరు వెళ్ళి తిరిగి వస్తున్నాం. కిందికి దిగడం మొదలుపెట్టమని కంట్రోలర్ రేడియోలో పిలిచాడు. జవాబు చెప్పాల్సింది నేను. వినబడింది, అర్థమైంది, చెప్పేశాననే అనుకున్నాను. కంట్రోలర్ రెండోసారి పిలిచాడు. బుల్లి కెప్టెన్ గొంతు జవాబిచ్చింది. కళ్ళు తెరిచి అతని ముఖం చూస్తే గానీ తెలియలేదు, అంతసేపూ నేను కళ్ళు మూసుకునే ఉన్నానని.

దిగాక, ప్రయాణికులంతా వెళ్ళిపోయాక, మెల్లిగా అడిగాడు. “అక్కా, నిన్న మధ్యాహ్నానికే మీ డ్యూటీ అయిపోయింది కదా?”

“అయిపోయింది. పద్నాలుగు గంటల విశ్రాంతి ఇచ్చారు.”

“మరి?”

నేను బ్యాగు సర్దుకోసాగాను. అతను నా ముఖం చూసి, “నేనెవరితోనూ అనను లెండి. అసలే మీ ప్రమోషన్ కాగితం పైవాళ్ళ దగ్గర ఉంది, ఇప్పుడెందుకు లేనిపోని తలనొప్పి? గట్టిగా ఓ కాఫీ కొట్టండి. ఇంకో రెండు ట్రిప్పులేగా” అన్నాడు. మంచితనంతోనే అన్నాడు. ఆ మంచితనం పట్టుకుని ఇంకో రెండు ట్రిప్పులు లాగించేద్దామని నాకూ అనిపించింది. పదకొండేళ్ళుగా ఇల్లయినా ఉద్యోగమయినా అలాగే లాగించాను. కానీ ఇందాక మూసుకున్న కళ్ళ వెనక డెబ్భై మంది కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

“నేను ఎగరలేను. అలసిపోయాను” అన్నాను. పైకి ఆ మాట అనడం నాకదే మొదటిసారి.

అలసిపోయానని పైలట్ అంటే ఎవరూ బలవంతం చేయడానికి వీల్లేదు. రూలు రూలే, కానీ మనుషులే చాలనప్పుడు ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాదు. స్టాండ్‌బైలో ఉన్న ఒక్క కో-పైలట్‌నీ పొద్దున్నే ఇంకో విమానానికి లాక్కుపోయారు. బోర్డు మీద ముందు ఆలస్యం అని పడింది, తర్వాత రద్దు అని పడింది. ఆ జనం మధ్యలోంచే నేను ఆఫీసుకు వెళ్ళాలి. నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకున్న ఒకావిడ నా యూనిఫాం చూసి ఆపింది.

“ఏమైందమ్మా, విమానం చెడిపోయిందా?”

“విమానం బాగానే ఉందండీ” అన్నాను. మిగతాది చెప్పలేక తల దించుకుని నడిచాను.

ఆఫీసులో ఫారం ఇచ్చారు. ఎన్ని గంటల విశ్రాంతి దొరికింది, ఎన్ని గంటలు నిద్రపోయారు, విశ్రాంతి సమయంలో చేసిన పనులేమిటి. చివరిదానికి రెండు గీతల చోటు వదిలారు. ఆ రెండు గీతలు నిండిపోయి, కాగితం తిప్పి వెనక కూడా రాశాను. చెప్పాపెట్టకుండా మా ఆయన స్నేహితులు నలుగురు భోజనానికి రావడం, వాళ్ళు పదకొండింటికి లేచాక గిన్నెలు, ఆ తర్వాత అత్తగారి మోకాళ్ళకు నూనె, అమ్మాయి గీయకుండా వదిలేసిన మ్యాపు, మెషిన్‌లో బట్టలు తీసి ఆరేయడం, ఒంటిగంటకు మంచం, రెండున్నరకు మళ్ళీ లేవడం, అమ్మాయికీ నాకూ డబ్బాల్లోకి వంట, అత్తగారి మాత్రలు. నిద్ర గంటన్నర. రాశాక చదువుకుంటే ఎవరో పరాయి ఆడమనిషి గురించి చదువుతున్నట్టు అనిపించి ఏడుపొచ్చింది. నిన్నేం చేశావని నన్ను ఎవరైనా అడగడం ఎన్నాళ్ళకో!

ఫారం తీసుకున్నది మా పైలట్లందరికీ పెద్దాయన. నాకు మొదట పాఠాలు చెప్పింది ఆయనే. కళ్ళజోడు సవరించుకుని ఫారం రెండుసార్లు చదివాడు.

“నిద్ర పట్టలేదు అని ఒక్క ముక్క రాసెయ్యమ్మా. ఇంటి సంగతులన్నీ కాగితం మీదెందుకు? నీ ప్రమోషన్ కూడా ఇదే ఫైల్లో ఉంది.”

“నిద్ర పట్టకపోవడమేంటి సార్, నిలబడితే పట్టేస్తుంది. పడుకోవడానికే వీలు లేదు.”

“అందరికీ ఇళ్ళున్నాయి. అందరం నెట్టుకు రావట్లేదా?”

అక్కడ నాకు మండింది. ఈయన చొక్కా మడత ఎప్పుడూ నలగదు. పొద్దున డ్యూటీ ఉంటే ముందురోజు రాత్రి ఏడింటికల్లా వాళ్ళావిడ టీవీ కట్టేస్తుందట, ఫోన్ తీసి దాస్తుందట. “నేను పడుకుంటే మా ఇంట్లో పిల్లి కూడా చప్పుడు చేయదు” అని ఆయనే ఎన్నోసార్లు గొప్పగా చెప్పాడు. అంటే విశ్రాంతి కూడా ఎవరో వండి వడ్డించాల్సిందే. నాకు వడ్డించేవాళ్ళు లేరు, పైగా వడ్డించేది నేనే.

“మీ విశ్రాంతి ఎవరు చేసిపెట్టారు సార్?” అనేశాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “మా ఆవిడ ఎప్పుడు పడుకుంటుందో నాకు తెలీదమ్మా” అన్నాడు. మళ్ళీ వెంటనే సర్దుకుని, “సరే, రేపు కెప్టెనైతే పక్కవాడు అలిసిపోయాడో లేదో నువ్వే తేల్చాలి. నీ సంగతే నువ్వు తేల్చుకోలేకపోతే ఎలా?” అన్నాడు.

“ఇవాళ తేల్చాను కదా సార్. అందుకేగా విమానం ఆగింది.”

ఆయన నవ్వాడో, నిట్టూర్చాడో. “ఆగింది. పైవాళ్ళు నాకు తలంటుతారు కూడా. ఇంతకీ ఏం రాస్తున్నావ్, ఊఁ నా, ఉహూఁ నా?”

బ్యాగులోంచి తేదీ మార్చిన లెటర్ తీసి, చించి బుట్టలో వేశాను. ప్రమోషన్ ఉత్తరంతో పాటు వచ్చిన ఫారం మీద “సమ్మతమే” అని రాసి సంతకం పెట్టి, దాన్నీ నా అలసట రిపోర్టునీ కలిపి ఆయన ముందు పెట్టాను.

“ఈ రిపోర్టు చూసి వాళ్ళు వద్దంటే?”

“అననివ్వండి సార్. ఇన్నాళ్ళూ ఆ వద్దనేదేదో మా ఇంట్లోవాళ్ళు నాచేతే అనిపించారు.”

ఇల్లు చేరేసరికి పదకొండున్నర. మా ఆయన ముందు గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉన్నారు. ఆయనది ఇంటి నుంచే ఉద్యోగం. “వచ్చేశావా, బతికించావ్! అమ్మ ఆకలంటోంది, ఇప్పుడే కుక్కర్ పెడదామనుకుంటున్నా” అన్నారు. నేను ఆగకుండా పడగ్గదిలోకి వెళ్ళి, కర్టెన్లు దగ్గరికి లాగి, పడుకున్నాను. మా ఇంట్లో పగటిపూట ఆడవాళ్ళు నడుం వాల్చాలంటే జ్వరమన్నా రావాలి. ఆయన వెనకే వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేశారు.

“ఒళ్ళు చల్లగానే ఉందే?”

“జ్వరం కాదు. అలసిపోయాను.”

“ఆ లెటర్ ఇచ్చావా?”

“ఇచ్చాను. సమ్మతమే అని.”

“నాతో ఒక్క మాటైనా అనకుండా?”

“రెండుసార్లు మీరన్న మాటే రాశాను కదండీ.”

ఆయన మంచం పక్కన అలాగే నిలబడ్డారు. ఆ తర్వాత మెల్లిగా, “మరి వంట?” అన్నారు.

“నేను అలసిపోయానంటే డెబ్భై మంది ఎక్కాల్సిన విమానం ఆపేశారండీ” అన్నాను కళ్ళు మూసుకునే. “వంట ఆపుతారో, మీరే నడుపుతారో చూసుకోండి.”

దానికి ఆయనేమన్నారో నాకు తెలియదు. అప్పటికే నిద్రపోయాను.