ఉమేరా కుట్టిన కాజాలు

పొద్దుగాల ఉమేరాకు మొదటి పని అత్త చోటీ బీకి తల దువ్వుడు. ముసలామె కిటికీ కాడ కూసొని, బాన్సువాడ బస్టాండుకు పోయే ఆటోలను చూసుకుంట, దువ్వెన తగలంగనే అంటది:

"మెల్లగ, మిస్బా."

ఇగ అయిపాయె. ఆ మాట నోట్లెకెల్లి వచ్చుడే ఆలస్యం, ఉమేరా చేతులు మిస్బా చేతులయితయి.

చోటీ బీకి మతిమరుపు ముదిరినకాంచి ఇంట్ల ఇదే తంతు. ఆమె ఎవరిని ఎవరనుకొని పిలిస్తే, వాళ్ల చేతులకు ఆ మనిషి పని వచ్చేస్తది. పాలుపోసే లోక్యాను ఓసారి "డాక్టర్ సాబ్" అన్నది. లోక్యా పాలక్యాను కిందవెట్టి, ఆమె నాడి పట్టి చూసి, "బీపీ ఎక్కువున్నది, ఉప్పు తగ్గించుండ్రి" అని చెప్పి పోయిండు. తగ్గించిండ్రు.

మిస్బా, ఉమేరా మొగడు ఇజాజ్‌కు మొదటి పెండ్లాం. పిట్లంలో వాళ్ల దర్జీ దుకాణం ఆమె చేతి మీదనే నడిచింది. జ్వరమొచ్చి ఆమె పోయినంక దుకాణం మూతపడ్డది. ఇజాజ్ ఉమేరాను నిఖా చేసుకొని, తల్లిని, ఒక్క మిషన్‌ను వెంటేసుకొని బాన్సువాడకు వచ్చిండు. "మల్ల మొదలువెడదాం" అన్నడు. బట్ట కత్తిరించేది ఇజాజ్, కుట్టేది ఉమేరా. ఉమేరాకా, సూదిల దారం ఎక్కించుడు గూడ రాదు! అయినా గిరాకీకి కొదువ లేదు. మిస్బా చేతులతోని ఆమె కుట్టే గుండీల కాజాలను చూసి జనం మురిసిపోతరు.

అదే ఉమేరాకు ఒళ్లుమంట. కుట్టిన కాజాను ఇజాజ్ బొటనవేలితోని నిమిరి, "అబ్బ, అచ్చం..." అని ఆగిపోతడు. అచ్చం ఎవరి లెక్క? చెప్పరాదు? సచ్చినామె తన చేతులల్ల కాపురం చేస్తుంటే, మొగడు ఆ చేతుల దిక్కే చూస్తుంటే, ఏ ఆడిదానికి కడుపు రగలదు? అత్తకు ముద్దలు కలిపి పెట్టేది ఎవరు, పక్కబట్టలు తడిస్తే పిండేది ఎవరు? పేరు మాత్రం మిస్బాది!

రంజాన్ దగ్గరికొచ్చింది. "ఆర్డర్లు బంద్" అని బోర్డు పెట్టేటంత పని వచ్చిపడ్డది. సరిగ్గ అప్పుడే ఉమేరాకు మొండిపట్టు వచ్చింది.

"నేను మిస్బాను కాదు అమ్మీ, ఉమేరాను. ఉమేరా అను."

"అట్లనే మిస్బా," అని ముసలామె నవ్వేది.

పోరంగ పోరంగ ఒకనాడు చోటీ బీ వెనక్కి తిరిగి చూసింది. "మెల్లగ, ఉమేరా."

ఉమేరాకు ఏడుపొచ్చింది. ముసలామె నెత్తి మీద ముద్దు పెట్టింది. ఆ సంబురంలనే పోయి మిషన్ ముంగట కూసున్నది.

పగటాల్లకు ఇజాజ్ పెండ్లికొడుకు షేర్వానీ ఎత్తి చూసి నెత్తి పట్టుకున్నడు. కాజాలన్నీ వంకర. అదీగాక కుడిదిక్కు కుట్టింది.

"ఏయ్, ఏందే గిది? కుడిదిక్కు కాజాలు ఆడోళ్ల బట్టలకు కదనే! పెండ్లికొడుకు ఏం తొడుగుతడు?"

"మీ అమ్మ నన్ను నా పేరుతోని పిలిచింది," అన్నది ఉమేరా.

ఇజాజ్ ఇగ తిట్టలేదు. తిట్టినా బాగుండు. సీదా తల్లి కాడికి పోయి, ముంగట కూసొని, ఉమేరాను చూపెట్టి, "అమ్మీ, ఈమె మిస్బా. మిస్బా అను," అన్నడు.

 ఇన్నొద్దులు ఉమేరా లోపల భయపడ్డ మాట మొగడు ఆమె ముంగటనే అనేసిండు.

చోటీ బీ ఇజాజ్‌ను ఎగాదిగ చూసింది. "మిస్బా పాయె కద బేటా. ఆఖరి స్నానం నేనే చేయించిన. ఇది ఉమేరా."

"మరి నేనెవరిని?" అన్నడు ఇజాజ్.

ముసలామె అతని మొఖంల మొఖం పెట్టి చూసింది. "నువ్వు పిట్లం బస్సు కండక్టరువు."

ఇజాజ్ చేతులల్లకెల్లి కత్తెర పని ఎటో పోయింది. కొలతల కాగితం తీసి, టికెట్ లెక్క పర్రున చింపి, తల్లికిచ్చిండు. ఆమె దాన్ని భద్రంగ కొంగున కట్టుకున్నది.

"ఉమేరా, ఈయనకు నీళ్లియ్యి. దూరంకెల్లి వచ్చిండు."

ఉమేరా నీళ్లు తెచ్చింది. గ్లాసు అందుకుంట ఇజాజ్ ఆమె దిక్కు చూసిండు. కుళ్లు చూపు. ఆ చూపు ఆమెకు తెల్వంది కాదు.

"అమ్మీ నీ పేరు ఎట్ల గుర్తుపెట్టుకున్నదే?" అన్నడు. "ఏం చేసినవు? నాకు గూడ చెప్పు."

"ముందుగాల నువ్వు నన్ను పేరు పెట్టి పిలువు," అన్నది ఉమేరా. "అప్పుడు చెప్త."

ఇజాజ్ గ్లాసు కింద పెట్టి, "ఉమేరా" అని పిలిచిండు.