ఉత్తరపు గోడ

పాతకాలపు అమెరికాలో, మసాచుసెట్స్ కొండల్లోని ఒక బడిలో పొయ్యికి కావలసిన కట్టెలు పిల్లలే ఇంటి నుంచి తేవాలి. తేలేనివాళ్లు పొయ్యికి దూరంగా, మంచుగాలి దూరే ఉత్తరపు గోడ పక్కన కూర్చోవాలి. ఆ నియమం పెట్టింది బడి పెద్ద అసాహెల్. "కట్టెలు తెచ్చావా?" అని రోజూ గుమ్మంలోనే నిలదీసేవాడు. తండ్రి లేని థర్జా ఆ గోడ పక్కనే చదువుకుంది. చలికి ఆమె కాలివేళ్లు రెండు చచ్చుబడి రాలిపోయాయి.

ఇప్పుడు ఆ బడికి థర్జాయే పంతులమ్మ. ఊరంతా పన్ను కట్టి బడిని అందరికీ ఉచితం చెయ్యాలా వద్దా అని తేల్చడానికి, జనవరి చలిలో మగవాళ్లంతా అక్కడే చేరారు. సరేనన్నవాళ్లు ఒక పక్క, వద్దన్నవాళ్లు ఒక పక్క నిలబడితే తలలు లెక్కపెట్టడం ఆనవాయితీ.

"ఎవరు ఏ పక్కకి?" అన్నాడు సభ పెద్ద.

ఆడది కాబట్టి ఓటు లేని థర్జా లేచింది. "బడి అందరిదీ అన్నవాళ్లు పొయ్యి దగ్గరికి రండి. ఎవరి కట్టెలు వాళ్లవే అన్నవాళ్లు ఉత్తరపు గోడకి పొండి. అసాహెల్ గారూ, మీరు పెట్టిన రూలే కదా!"

జనం గొల్లున నవ్వారు.

"చలికి జడుస్తామనుకున్నావటే, కుంటిదానా?" అంటూ అసాహెల్ సగం ఊరిని వెంటేసుకుని గోడ దగ్గరికి నడిచాడు.

"నిదానంగా లెక్కపెట్టండి, తొందరేం లేదు" అంది థర్జా.

లెక్క సాగేకొద్దీ అతని మనుషులు దగ్గుతూ, తల దించుకుని, ఒక్కొక్కరే పొయ్యి వైపు జారుకున్నారు. ఉచిత బడి గెలిచింది.

చివరికి అసాహెల్ కూడా కొయ్యబారిన చేతులు చాచుకుంటూ పొయ్యి దగ్గరికి వచ్చాడు. థర్జా అడ్డంగా నిలబడింది.

"కట్టెలు తెచ్చావా?"