రాజు గెంతు

ఆ వీడియో గేమును తయారుచేసినవాడి చేతులు విరగ్గొట్టాలని అంబదాసుకు రోజుకు పదిసార్లైనా అనిపించేది. అరచేతిలో పట్టే డబ్బా, మూడంగుళాల తెర, పక్కన నాలుగు మీటలు. నాలుగొందల ఆటలున్నాయని అట్ట మీద గొప్పగా రాశారు. చదరంగం మాత్రం లేదు. ఆ ఒక్కటి ఎక్కించడానికే నారాయణఖేడ్ బస్టాండు దగ్గర తన సెల్‌ఫోన్ల రిపేరు షాపులో కూర్చుని మూడు నెలలుగా తల బద్దలుకొట్టుకుంటున్నాడు.

ఇదంతా బావ సంగమేశ్వర్ కోసం. కిందటేడు పక్షవాతం వచ్చి ఆయనకు కుడిపక్క పడిపోయింది. కూడబలుక్కుంటే రెండు మాటలు వస్తాయి. బుర్ర మాత్రం చెక్కుచెదరలేదు. వాళ్ల ఊరు మనూర్‌లో చదరంగంలో ఆయన్ని ఓడించినవాడు లేడు. ఇప్పుడు ఆయనతో ఆడేవాడూ లేడు, ఒక్క అంబదాస్ తప్ప. అందుకని ప్రతి మధ్యాహ్నం షాపు మూసి బండి మీద మనూర్ పోవాలి, రెండాటలు ఆడాలి, తిరిగి రావాలి. వచ్చేసరికి తన గిరాకీ అంతా పక్క షాపులో కూర్చుని ఉంటుంది. ఒకరోజు పోకపోతే అక్క మణెమ్మ ఫోను చేసి, బావ పొద్దంతా వాకిలి దిక్కే చూసిండని చెప్పి ఊరుకుంటుంది. తిట్టినా బాగుండు. సెల్‌ఫోనులో ఆడుకొమ్మని ఇస్తే వణికే ఎడమచేతి వేలు గుర్రాన్ని తాకబోయి మంత్రిని కదిపేది. మీటలైతే నొక్కగలడు. అదీ సంగతి.

ఎవరో పుణ్యాత్ముడు రాసి ఇంటర్నెట్‌లో ఊరికే పెట్టిన చదరంగం ప్రోగ్రాం దొరికింది. కంప్యూటరులో చిటికెలో ఎత్తు వేసేది కాస్తా ఈ డబ్బాలోకి రాగానే మొండికేసింది. ఆలోచించిన ఎత్తులన్నీ గుర్తుపెట్టుకోవడానికి దానికి ఊరంత మెమరీ కావాలి. ఇక్కడ ఉన్నది చారెడు. కొంచెం తగ్గిస్తే ఆలోచిస్తూ ఆలోచిస్తూ తెర నల్లబడేది. ఇంకా తగ్గిస్తే మంత్రిని తీసుకుపోయి ఉత్తపుణ్యానికి బంటుకు అప్పగించేది. అంబదాసుకు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ప్రోగ్రాంనే ప్రోగ్రాం మీదకు వదిలి, వంద ఆటలు ఆగకుండా ఆడిందాకా చూసి, అమ్మయ్య అనుకున్నాడు. తాను కూర్చుని ఒక్క ఆటా ఆడలేదు. ఆ ఓపిక ఎక్కడిది?

బావ చేతిలో డబ్బా పెట్టాడు. డబ్బా తన బంటును మొదటే రెండు గళ్లు నడిపింది. బావ నొసలు ముడిచాడు కాని ఆడాడు. పది ఎత్తుల తర్వాత తన రాజును గుర్రంలా గెంతించబోయాడు. డబ్బా కుయ్యిమంది. మళ్లీ నొక్కాడు, మళ్లీ కుయ్యిమంది.

"దొంగాట" అని బావ దాన్ని మంచం మీదికి విసిరేశాడు.

అంబదాస్ నెత్తి కొట్టుకున్నాడు. ఊళ్లో వాళ్లు ఆడే చదరంగంలో బంటు మొదటి నుంచీ ఒక్కో గడే నడుస్తుంది. ఒక్కసారి కూడా చెక్ పడని రాజు ఆట మొత్తంలో ఒకసారి గుర్రంలా గెంతొచ్చు. చిన్నప్పుడు ఆ పద్ధతి తనకు నేర్పిందే ఈ బావ. ఎక్కడో కూర్చుని ప్రోగ్రాం రాసినవాడికి ఈ ముచ్చట ఏం తెలుస్తుంది? ఇన్నాళ్లూ డబ్బా ఆగుతుందా లేదా అన్నదే తప్ప అది ఏ ఆట ఆడుతోందో చూడనందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

మళ్లీ మొదటికొచ్చింది. ఇంకో నెల గాడిద చాకిరి. గెంతు నేర్పగానే ప్రోగ్రాం రెండో ఎత్తుకే రాజును నడిబజారున నిలబెట్టేది. అంబదాస్ దాన్ని తిట్టని తిట్టు లేదు. ఎప్పుడు గెంతాలో ఆ మొద్దుకు ఎలా చెప్పడం? ఏం తోచక, తాను ఎలా ఆడతాడో అదే రాసి ఎక్కించాడు. గెంతును పిసినారిలా చివరిదాకా దాచుకోవడం, మంత్రి కంటే ముందు గుర్రాల్ని బయటికి తీయడం, ఇరుకున పడితే ఏనుగును వదిలేసుకుని తప్పించుకోవడం.

ఈసారి బావ మూడాటలు ఆడాడు. రెండు గెలిచాడు. మూడోదాంట్లో ఇంకొక్క ఎత్తుకు ఆటకట్టు అనుకున్న సమయానికి డబ్బాలోని రాజు గెంతి తప్పించుకున్నాడు, బావ ఓడాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న మణెమ్మ చాలా రోజులకు నవ్వింది. అంబదాసుకు పెద్ద బరువు దిగినట్టయింది. రేపటి నుంచి మధ్యాహ్నం షాపు తెరిచే ఉంచొచ్చని కూడా అనుకున్నాడు.

బావ డబ్బాను ఒళ్లో పెట్టుకుని అతని మొహంలోకి చూశాడు. మాట కోసం కాసేపు పెనుగులాడాడు.

"నీ లెక్కనే... ఆడుతుంది."

"అవు బావా. నా లెక్కనే నేర్పిన."

"అయితే... ఇగ నువ్వు రావు."

ఆయన అడగలేదు, చెప్పాడు. గొంతులో కోపం కూడా లేదు. అంబదాసుకు సిగ్గుతో చచ్చినంత పనైంది. అట్లెందుకంటవు, వస్త బావా అనాలి. నోటిదాకా వచ్చింది. కాని నాలుగు నెలలు ఆ డబ్బాతో కుస్తీ పట్టింది ఎవరి కోసమో ఇప్పుడు తనకే తెలిసిపోయింది. బావ తల తిప్పుకుని, బొటనవేలితో ఇంకో ఆట మొదలుపెట్టాడు.