ఆరు పాయింటు మూడు

సరస్సు చుట్టూ ఉన్న దేశాలన్నీ కలిసి ఎండు చేపలకు ఒకే ప్రమాణం పెట్టాలని తీర్మానించుకున్న సంగతి, ముసోమా రేవులో మెత్తళ్ళు ఎండబెట్టే ఆడవాళ్ళకు ఏడాదిన్నర తర్వాత గానీ తెలియలేదు. అదీ ఎవరో చెబితే కాదు. చేపల ఆఫీసు గోడకు అంటించిన ముసాయిదాను వెనెరాండా మఫురు నిలబడి చదివింది కాబట్టి తెలిసింది. వెనెరాండా కూడా వాళ్ళ సంఘంలోదే, పూర్వం పత్తి మిల్లులో గుమాస్తాగా చేసింది. ఇంగ్లీషు చదవగలదు, నమ్మదు.

ముప్పై ఒక్క పేజీలు. ఆరు పాయింటు మూడు అనేచోట, చేపలను స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ మంచెల మీద మాత్రమే ఎండబెట్టాలని ఉంది. అలా ఎండని చేప సరిహద్దు దాటడానికి వీల్లేదు. అభిప్రాయాలు చెప్పుకోవడానికి అరవై రోజుల గడువు ఇచ్చారు. అందులో తొమ్మిది మిగిలాయి.

ఆ సాయంత్రం సంఘం ఆడవాళ్ళు నలభై ముగ్గురూ మంచెల దగ్గర చేరారు. వాళ్ళ మంచెలంటే కర్రలు పాతి, పైన పాత వల బిగించినవి. వెనెరాండా ఆ వాక్యాన్ని అందరికీ అర్థమయ్యేలా చెప్పింది.

"స్టీలా?" అంది న్యంగేటా. సంఘంలో అందరికన్నా పెద్దది. వయసు డెబ్బై దాటింది, నోరు ముప్పై దగ్గరే ఆగిపోయింది. "మా ఇంట్లో గిన్నెలే స్టీలువి కావు. చేపలకెందుకే అంత వైభోగం?"

"శుభ్రత కోసమట పిన్నీ."

"రాసినాయన ఎప్పుడైనా చేప ఎండబెట్టాడా?"

"తిని ఉంటాడు."

"అదే నేననేది. మధ్యాహ్నం ఎండకి జాలీ పెనంలా కాలదూ? చేప అతుక్కుపోదూ? లాగితే తోలు జాలీకి, ముల్లు మన చేతికి. రాయవే పిల్లా, ఇదంతా రాయి."

అందరూ రాయమన్నారు. ఎవరి మాట వదిలినా ఊరుకోరు గనక ఉత్తరం ఆరు పేజీలయింది. స్టీలు సంగతితో పాటు రేవుకు దారి లేకపోవడం, పడవల వాళ్ళు బుట్ట కొలతలో చేసే మోసం, ఒక సభ్యురాలి మొగుడు రెండో పెళ్ళి చేసుకోవడం కూడా అందులో చేరాయి. ఆ చివరిది తీసేద్దామని వెనెరాండా అంటే ఆవిడ ఏడ్చింది. ఉంచేశారు. పేజీలన్నీ ఫోనులో ఫొటోలు తీసి పంపారు.

మూడో రోజున దార్ ఎస్ సలాంలోని ప్రమాణాల ఆఫీసు నుంచి ఫోనుకు జవాబు వచ్చింది. మీ ఉత్తరం మమ్మల్ని కదిలించింది, అయితే అభిప్రాయాలను జతచేసిన పట్టికలోనే స్వీకరిస్తాం అని దాని సారాంశం. కింద మ్వాకాలింగా అని పేరుంది. పట్టికలో నాలుగు గడులు. క్లాజు సంఖ్య, అభ్యంతరం ఏ రకానిది, కారణం, బదులుగా ఉండవలసిన మాటలు.

"కోపం ఏ గడిలో రాస్తారే?" అని అడిగింది న్యంగేటా.

"కోపానికి గడి లేదు పిన్నీ."

"మరి మనం చెప్పేదేముంది ఇంక?"

వెనెరాండా రెండు రోజులు కూర్చుని నలభై ముగ్గురినీ ఒక్క వరసలోకి కుదించింది. అభ్యంతరం సాంకేతికం. లోహపు జాలీ ఎండకు కాగి చేప తోలు చిరిగిపోతుంది. కాబట్టి 'స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ' అనే మాటల బదులు 'నేలకు ఎత్తుగా కట్టిన శుభ్రమైన వల లేదా జాలీ' అని ఉండాలి. రెండో పెళ్ళి ఏ క్లాజు కిందికీ రాలేదు. ఆ విషయం ఆ సభ్యురాలు అర్థం చేసుకుంది, ఒక వారం అలిగాక.

మూడు నెలలకు దార్ ఎస్ సలాంలో దేశ కమిటీ కూర్చుంది. వెనెరాండా బస్సులో ఒళ్ళు హూనం చేసుకుని వెళ్ళింది. దారి పొడవునా ఏం అడిగితే ఏం చెప్పాలో మననం చేసుకుంది. కమిటీ ఆమె వరసను నాలుగు నిమిషాల్లో ఒప్పేసుకుంది. ఆరు పాయింటు మూడు మీద ఇంకెవరూ ఏమీ పంపలేదట. ఆమెకు సంతోషం కన్నా ముందు, సిద్ధం చేసుకున్న మాటలన్నీ వృథా అయ్యాయన్న బాధే కలిగింది.

మ్వాకాలింగా సన్నగా, మర్యాదగా ఉన్నాడు. సరస్సు ఎప్పుడూ చూడలేదని తనే చెప్పాడు.

"ఇక అరుషాలో జరిగే సమావేశంలో మిగతా దేశాలు ఒప్పుకుంటే చాలమ్మా. అక్కడ మన తరపున నేనే మాట్లాడతాను."

"నేను రాకూడదా నాయనా?"

"అయ్యో, రావచ్చమ్మా. కూర్చోవచ్చు కూడా."

అరుషాలో ఆమె మెడలో 'పరిశీలకురాలు' అనే బిళ్ళ వేశారు. దేశాల వాళ్ళు బల్ల చుట్టూ, పరిశీలకులు గోడ వారగా. రెండో రోజు ఆరు పాయింటు మూడు వచ్చింది. మ్వాకాలింగా చక్కగా చదివి వినిపించాడు. ఉగాండా ప్రతినిధి, బొద్దుగా ఉన్న పెద్దమనిషి, కళ్ళజోడు తీశాడు.

"వాడేసిన వలకు నీచు పట్టి ఉంటుంది గదా. దాన్ని ఎలా శుభ్రం చేస్తారు?"

న్యాయమైన ప్రశ్నే. మ్వాకాలింగా కాగితాల్లో చూశాడు, తర్వాత గోడ వైపు చూశాడు. వెనెరాండా చెయ్యి ఎత్తింది.

పరిశీలకులు మాట్లాడాలంటే కమిటీ అనుమతించాలని అధ్యక్షురాలు అంది. అనుమతికి ముందుగా రాతపూర్వకమైన అభ్యర్థన ఉండాలని ఒక దేశం అంది. ఆహ్వానం పంపడమే అనుమతి కింద లెక్క అని ఇంకో దేశం అంది. ఆహ్వానం వినడానికేనని మొదటి దేశం నియమావళి తెరిచి చూపించింది. ఎవరూ కటువుగా మాట్లాడలేదు. అందరూ చింతిస్తున్నామనే అన్నారు. నలభై నిమిషాలు గడిచాయి. కుడి చెయ్యి లాగేస్తుంటే వెనెరాండా ఎడమ చెయ్యి ఎత్తింది. ఈ సంగతి టీ తర్వాత తేల్చుకుందామని అధ్యక్షురాలు లేచింది.

వరండాలో ఉగాండా పెద్దమనిషి కప్పు పట్టుకుని నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు.

"ఇంతకీ ఆ వల ఎలా కడుగుతారమ్మా?"

"సబ్బు వేసిన వేడినీళ్ళలో ఒక పూట నాననిస్తాం. రెండు రోజులు ఎండనిస్తాం. నీచు పోకపోతే మళ్ళీ నానేస్తాం. వానలు వెళ్ళగానే పాతది తీసేసి వేరేది బిగిస్తాం."

"మా అమ్మమ్మ గడ్డి మీదే పరిచేసేది."

"ఇసక రాదూ?"

"రాకేం! అందుకే ఆవిడకి పళ్ళు లేవు." తన మాటకు తనే నవ్వి, మందాజీ బూరె ఒకటి నోట్లో వేసుకుని, కాగితపు రుమాలు మీద ఏదో రాసుకున్నాడు. నియమావళి తెరిచిన ఆయన కూడా పక్కన నిలబడి అంతా విన్నాడు. టీ ఇంకా చల్లారలేదు.

లోపలికి వెళ్ళాక ఉగాండాకు అభ్యంతరం లేకపోయింది. 'ఏటేటా మార్చే' అన్న మాట మాత్రం కలపమంది. కలిపారు. సభ్యదేశాల మధ్య విస్తృత సంప్రదింపుల అనంతరం ఆమోదించినట్టు రాసుకున్నారు. పరిశీలకులు మాట్లాడవచ్చా అన్న సంగతి వచ్చే సమావేశానికి వాయిదా వేశారు. హాజరైన వారి జాబితాలో వెనెరాండా పేరు చిట్టచివర, ఒక అక్షరం తప్పుతో ఉంది.

రేవుకు తిరిగొచ్చిన రోజు అందరూ చుట్టూ మూగారు.

"ఒప్పుకున్నారు. వల ఉండొచ్చు."

ఆడవాళ్ళు కేరింతలు కొట్టారు. న్యంగేటా మాత్రం వివరాలు కావాలంది. "ఏం మాట్లాడావే అక్కడ?"

"లోపల ఏమీ మాట్లాడలేదు పిన్నీ."

"మూడు రోజులు మరి ఏం చేశావు?"

"చెయ్యి ఎత్తాను."

ఏడాది తిరిగాక ప్రమాణం అమల్లోకి వచ్చింది. మోటారు సైకిలు మీద ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి మంచెలన్నీ తట్టి చూశాడు, వల వాసన చూశాడు. తర్వాత ఆడవాళ్ళందరినీ పిలిచి నిలబెట్టి, ఆరు పాయింటు మూడు అంటే ఏమిటో ఓపికగా వివరించాడు.

"మీలాంటి వాళ్ళు స్టీలు కొనలేరని పైన పెద్దవాళ్ళే ఆలోచించి, దయతో వల పెట్టారు. మీరు అడక్కుండానే. అది గుర్తుపెట్టుకోండి."

న్యంగేటా నోరు తెరిచింది. వెనెరాండా ఆమె పాదం మీద తన పాదం వేసి గట్టిగా నొక్కింది. ఇన్‌స్పెక్టరు ఫారం నింపాడు, సంతకం పెట్టాడు, ముద్ర ఊది ఊది కాగితం మీద గుద్దాడు. వెనెరాండా దాన్ని రెండు చేతులా అందుకుంది. తారీఖు సరిగ్గా ఉందో లేదో చూసింది. నాలుగుగా మడిచి జాకెట్లో దోపుకుంది.

అప్పుడు కాలు తీసేసింది.

న్యంగేటా అరగంట మాట్లాడింది. మొదటి పది నిమిషాలు ఇన్‌స్పెక్టరు నిలబడి విన్నాడు. తర్వాత ఎవరో బోర్లించిన బేసిను తెచ్చి ఇస్తే దాని మీద కూర్చున్నాడు.