పిలిస్తే పలకని గోవిందు

దేవరాజులు కుక్కపిల్లను ఒకరి చేతిలో పెట్టే ముందు చేయవలసిన పనులు చాలా ఉండేవి. ఆ ఇంటికి చెప్పకుండా వెళ్ళాలి. ప్రహరీ ఉందో లేదో చూడాలి. వాళ్ళిచ్చిన కాఫీ తాగుతూ, మిగిలిన సంగటి ఎవరి పాలవుతుందో ఆరా తీయాలి. అత్తాకోడళ్ళకు పడుతుందో లేదో పక్కింట్లో కనుక్కోవాలి. పడని ఇంట్లో కుక్కకు రెండు పూటలా తిట్లే గాని తిండి ఉండదు. ఆఖరున, ఇంటాయన వాకిట్లో చెప్పులెలా విడుస్తాడో చూడాలి. విసిరేసేవాడికి పిల్లను ఇవ్వకూడదు.

"నన్ను నీకిచ్చేటప్పుడు మా నాయన ఇందులో సగం విచారించుంటే నేను బాగుపడిపోయుందును," అనేది ఆయన భార్య చంద్రకాంతమ్మ.

దేవరాజులు రేణిగుంట రైల్వే షెడ్డులో ఫిట్టరు. అది పొట్టకోసం. తెల్లగా, సన్నగా ఉండే రాజపాళెం కుక్కలను సాకి, వాటి పిల్లలకు ఇళ్ళు వెదకడం మనసుకోసం. తానిచ్చిన పిల్ల ఏ గడప నుంచీ తిరిగి రాలేదని ఆయన గర్వం. నలుగురు కూర్చున్న చోట ఆ మాట ఎలాగో ఒకలా వచ్చేది. రాకపోతే తెచ్చేవాడు.

ఒక ఏడాది ఈతలో ఒక మగపిల్ల చెవిటిదై పుట్టింది. గూడ్సుబండి కూతకు మిగతావన్నీ ఉలిక్కిపడి లేస్తే, అది మాత్రం కూలీ గిట్టినవాడిలా హాయిగా నిద్రపోయేది. షెడ్డులోనే పనిచేసే మునస్వామి కూడా కుక్కలు సాకేవాడు. అతను చూడగానే తేల్చేశాడు.

"సెవిటిది పుట్టిందని తెలిస్తే నీ కుక్క ఈత ఇంకెవురూ ముట్టరప్పా. మేమైతే ఒక బకెట్టు నీళ్ళతో పని ముగిస్తాము."

"నీ సెవులు బాగుండాయి గదబ్బా. వాటితో ఎప్పుడన్నా మంచి మాట ఇన్యావా?" అన్నాడు దేవరాజులు.

అన్నాడే గాని, రాత్రి అన్నం దగ్గర చంద్రకాంతమ్మ గడువు పెట్టనే పెట్టింది. "రెండు పెద్ద కుక్కలకే మన కూడు సాలడం లేదు. ఆడికృత్తిక పండగ లోపల దీనికి ఇల్లు సూడు. లేకుంటే మునస్వామిని నేనే పిలుస్తా." ఈ మాట అంటున్నప్పుడు చెవిటిపిల్ల ఆమె ఒడిలోనే ఉంది. ఆమె అన్నది అది వినలేదు. అదొక్కటే దాని అదృష్టం.

దేవరాజులు బాగా ఆలోచించి నగరి వెళ్ళాడు. అక్కడ కుక్కపిల్ల కావాలన్న మరమగ్గాల ఎల్లప్ప ఇంట్లో పగలంతా చెవులు పగిలే మోత. మామూలు కుక్కయితే పిచ్చెక్కి పారిపోతుంది. దీనికైతే సరిగ్గా సరిపోతుంది. లోపం దాచడం ఆయనకు చేతకాదు గనక ఉన్నమాట గట్టిగా చెప్పాడు. మగ్గాల మధ్య మెల్లగా చెప్పడం కుదరదు కూడా.

"సెవిటిదా? మగ్గాల పుణ్యాన మా ఇంట్లో అందరమూ సెవిటోళ్ళమే గదన్నా! ఇనేది ఒకటన్నా ఉండాలనే కుక్కను అడిగినా!" అని ఎల్లప్ప నవ్వి, టీ తాగించి పంపేశాడు.

ఆ వారమే అలిపిరి దగ్గర టెంకాయలూ కర్పూరమూ అమ్మే బాలసుబ్రమణ్యం సెట్టి వచ్చాడు. టెంకాయల గోడౌనుకు కాపలా కావాలి, చీమ నడిచినా వినే చెవులుండాలి. దేవరాజులు చెప్పకుండా వెళ్ళి చూశాడు. ప్రహరీ ఉంది, సంగటి మిగులుతోంది, అత్తాకోడళ్ళు ఒకే చాటలో బియ్యం ఏరుతున్నారు. సెట్టి చెప్పులు గోడవారగా, జంట విడకుండా ఉన్నాయి. ఇంతకంటే ఇల్లేం కావాలి! ఈతలో అన్నిటికంటే చురుకైన పిల్లను ఇచ్చేశాడు.

ఆడికృత్తిక నాలుగు రోజుల్లో ఉందనగా సెట్టి రొప్పుతూ క్వార్టర్సుకు వచ్చాడు. పక్కన గొలుసుతో ఆ కుక్క.

"ఏమప్పా దేవరాజులూ, ఇది కుక్కా సన్యాసా? కాపలా కాయమంటే కొండెక్కి పోతాది! రోజూ ఎవురో ఒకరు గాలిగోపురం కాడి నుంచి పట్టుకొస్తా ఉండారు."

దేవరాజులు కంగారుగా తన విచారణంతా మళ్ళీ మనసులో తిప్పి చూసుకున్నాడు. ఎక్కడా తప్పు దొరకలేదు.

"ఏం పేరు పెట్టినావు సెట్టీ?"

"గోవిందు. పిలిసినప్పుడల్లా పుణ్యం గదా. ఒకే రాయికి రెండు టెంకాయలు."

దేవరాజులు నెత్తిన చేయి పెట్టుకున్నాడు. అలిపిరిలో మెట్టెక్కే ప్రతివాడూ గొంతెత్తి "గోవిందా!" అంటాడు. ఆ పేరుతో పిలిచి ముద్ద పెట్టి పెంచిన కుక్క ఊరుకుంటుందా? లోకమంతా తననే పిలుస్తోందనుకొని తోకాడించుకుంటూ వెళ్ళిపోతోంది.

"పేరు మార్సు."

"దేవుడి పేరు పెట్టి తీసేసేదా? అపచారం! కావాలంటే కుక్కను మార్సు, పేరు మార్సను."

చంద్రకాంతమ్మ లోపలి నుంచి చెవిటిపిల్లను ఎత్తుకొచ్చి మొగుడి ముందు దించింది.

"ఇది తీసుకుపో సెట్టీ. కాకుంటే ఇది సెవిటిది. ముందే సెప్తా ఉండా."

"కాపలాకు సెవిటి కుక్కనా?"

"దొంగను ఇనే కుక్కనే ఇచ్చినా గదా, ఏమాయె? నీకు కావాల్సింది దేవుణ్ణి ఇనని కుక్క. గోడౌను గడపకు అడ్డంగా పండబెట్టు. కాలు పడితే నేల అదురుతాది, అది దానికి సాలు."

సెట్టి నమ్మలేదు. అయినా తీసుకెళ్ళాడు. మూడో రోజు పొద్దుగూకే వేళ, పరీక్షించడానికి తన గోడౌనులోకి తానే పిల్లిలా అడుగులేస్తూ దూరాడు. పంచె దాని నోట్లో ఉండిపోయింది. బజారంతా నవ్వినా, ఆ ఇంట్లో చెవిటిపిల్లకు అన్నం ఖాయమైంది. పేరు మాత్రం గోవిందే. "పిలిసిన పుణ్యం నాకు సాలు, అది పలక్కపోతేనేం," అన్నాడు సెట్టి. పిలిస్తే పలకని గోవిందుడు ఆయనకేమీ కొత్త కాదు.

పాత గోవిందు రేణిగుంటలోనూ నిలవలేదు. రైలు దిగి కొండ కనిపించగానే జనం పెట్టే గోవిందల వెంట మళ్ళీ అలిపిరికే పోయింది. ఏ గడప నుంచీ తిరిగి రాలేదన్న మాట నలుగురిలో అనడం దేవరాజులు మానేశాడు. ఇప్పుడు పిల్ల కోసం ఎవరొచ్చినా ఆయన అడిగే మొదటి ప్రశ్న, "ఏం పేరు పెడతారు?"

మీరు మెట్లదారిన వెళ్ళి "గోవిందా" అంటే ఒక తెల్లకుక్క మీ పక్కకు వచ్చి నడుస్తుంది. దానికి వడపప్పు పెట్టి మురిసిపోయేవాళ్ళు బోలెడుమంది. దాన్ని మరిచిపోయినా పరవాలేదు. కింద టెంకాయల గడపకు అడ్డంగా, ఇన్ని వేల పిలుపుల మధ్య ఒక్కటీ వినకుండా పడుకుని ఉంటుందే, ఆ గోవిందును మాత్రం ఒక్కసారి తలచుకోండి.